నాలుగో గడి

కార్డులు పొద్దున్నే నింపేయడం ఆ గ్యాసు గ్రిల్లుల షాపులో అలవాటు. అది మోసమని ఎవరూ అనుకోలేదు, కూర్చుని అనుకునేంత తీరికా ఎవరికీ లేదు. సబ్బునీళ్ల పని కదా. చేతులు తడి, బ్రష్షు తడి, గొట్టం తడి. తడిచేత్తో రాస్తే అట్టకార్డు మీద ఇంకు అలుక్కుపోయి, టిక్కు పెట్టాడో చీమని నలిపాడో తెలియకుండా పోయేది. అలా అలికిన కార్డులు రెండు మూడు చూసి షాపాయన చిరాకుపడ్డాక, గోడౌనులో టీ తాగుతూనే ఆ రోజు వెళ్లాల్సిన గ్రిల్లులన్నిటికీ టిక్కులు పెట్టి, సంతకం చేసి, ప్లాస్టిక్ కవర్లో దూర్చి, మూత పిడికి కట్టేయడం మొదలైంది.

కార్డు మీద గడులు నాలుగు. సిలిండరు నిటారుగా, ఆరుబయట, గోడకి దూరంగా పెట్టాం. రెగ్యులేటరు బిగించాం. సబ్బునీళ్లతో లీకు చూశాం. కస్టమరుకి వెలిగించి, ఆర్పి చూపించాం. కింద బిగించినవాడి సంతకం, పక్కన డ్రైవరు సంతకం.

బిగించేవాణ్ణి షాపులో అందరూ బుడగలాయన అంటారు. అసలు పేరు జీతం పుస్తకంలో ఉంటుంది, అక్కడే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఇళ్లకీ, తోటలకీ, హోటళ్ల వెనక పెరళ్లకీ ఆరుబయట కాల్చుకుని వండుకునే గ్యాసు గ్రిల్లులు బిగిస్తున్నాడు. టిక్కు ముందు పెట్టినా పని ఎగ్గొట్టే మనిషి కాదు. ఒక సీసాలో సబ్బునీళ్లు, గడ్డం గీసుకునే పాత బ్రష్షు ఒకటి, ఇవే ఆయన ఆస్తి. జాయింటు మీద నురగ పూసి, సిలిండరు మీట మెల్లగా తిప్పి, మోకాళ్ల మీద కూర్చుని పెదాలు కదుపుతూ అరవై దాకా లెక్కపెడతాడు. కస్టమర్లు విసుక్కుంటారు. "వాసన వస్తే తెలుస్తుంది కదండీ" అంటారు. "ముక్కుకి జలుబు చేస్తుంది, బుడగకి చెయ్యదు" అంటాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో, డ్రైవరుకి విని విని చెవులు చిల్లులు పడ్డాయి. డ్రైవరు ఇంకెవరో కాదు, సొంత బావమరిది. ఒకే వ్యాను మీద రెండు కాపురాలు నడుస్తున్నాయన్నమాట.

ఒక శనివారం గాలి బాగా ఉంది. ఐదు డెలివరీల్లో ఈ ఇల్లు రెండోది. సందు ఇరుకు, వ్యాను ఆపితే వెనక బళ్లు ఆగిపోతాయి కాబట్టి బావమరిది స్టీరింగు వదల్లేదు. ఇంటావిడ ఒక్కతే ఉంది, వాళ్లాయన క్షౌరానికి వెళ్లాడట. యాభై ఆరేళ్లుంటాయి. వేళ్ల చివర్ల మీద గోధుమరంగు మరకలు. ఏదో స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబు చూసుకుంటుంది, పిల్లలు ల్యాబమ్మ అంటారు. ఆ సంగతి పది నిమిషాల్లో తనే చెప్పేసింది. ఆదివారం తోటి టీచర్లు నలుగుర్ని భోజనానికి పిలిచిందట, ఆ హడావిడి.

గ్రిల్లుని గోడకి ఆనించి పెట్టించుకుందామనుకుంది ఆవిడ. బుడగలాయన ఒప్పుకోలేదు. పైన రేకుల చూరు చూపించి, బట్టల తీగ చూపించి, పెరడు మధ్యకి జరిపించాడు. సిలిండరు నోటికున్న టోపీ తీసి, లోపల వాషరుని చిటికెనవేలితో తడిమాడు. రెగ్యులేటరు మర ముందు చేత్తో పట్టించి, తర్వాత స్పానరుతో బిగించాడు. గొట్టం వేడి పళ్లేనికి తగలకుండా పక్కనుంచి తిప్పి కట్టాడు. బర్నరు గొట్టాల్లో సాలీడు గూళ్లుంటాయని సన్నతీగ బ్రష్షు దూర్చి లాగాడు.

నురగ పూయగానే ల్యాబమ్మ కూడా వచ్చి పక్కన గొంతుకూర్చుంది. ఇంతవరకు ఏ కస్టమరూ అలా కూర్చోలేదు.

"అదిగో, అక్కడ" అంది.

నిజమే, మర దగ్గర సూదిమొనంత బుడగ పుట్టి, పెరిగి, చిట్లింది. బుడగలాయన మీట కట్టేసి, మర విప్పి, వాషరు మార్చి, మళ్లీ బిగించి, మళ్లీ పూశాడు. ఇద్దరూ కలిసి అరవై లెక్కపెట్టారు. ఈసారి ఏమీ రాలేదు.

"మా పిల్లలకీ ఇదే చెప్తాను. కంటికి కనపడేదాకా నమ్మొద్దర్రా అని" అంది ఆవిడ.

బుడగలాయనకి ప్రాణం లేచొచ్చింది. తన పని విలువ తెలిసిన మనిషి పద్దెనిమిదేళ్లకి ఒకరు దొరికారు. చేతులు తుడుచుకుంటూ, "ఇక వెలిగించి చూపిస్తానమ్మా" అన్నాడు.

ఆవిడ ఫక్కున నవ్వింది. "నాకా! రోజుకి ముప్పై బర్నర్లు వెలిగిస్తానయ్యా. పాతికేళ్లబట్టి. మీరు నాకు వెలిగించి చూపిస్తారా?"

బయట హారను మోగింది. ఆయన కూడా నవ్వేశాడు. "నిజమేలెండి, మీకు చెప్పేంతవాణ్ణా" అన్నాడు. ఏమీ తెలియని కస్టమరైతే ముక్కుపిండి మరీ చూపించేవాడు, రెండుసార్లు తిరిగి చెప్పించుకునేవాడు. ఈవిడ తెలిసిన మనిషని వదిలేశాడు. సీసా మూత బిగించి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ పెరట్లో మంట లేచింది.

సంగతి బుడగలాయనకి సోమవారం పొద్దున షాపాయన నోటివెంట తెలిసింది. మీట తిప్పి, బటను నొక్కితే నిప్పురవ్వ రాలేదట. గాలి ఎక్కువగా ఉందని, బర్నరుకి గాలి తగలకుండా ఆవిడ మూత వేసి, అగ్గిపెట్టె కోసం లోపలికెళ్లిందట. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ల్యాబులో బర్నర్లకి మూతలుండవు కదా, ఆవిడకి ఆ ఆలోచన ఎక్కడ వస్తుంది! ఈ ప్రొపేన్ గ్యాసు గాలికన్నా బరువు, మూత కింద గిన్నెలో నీళ్లలా నిలబడిపోతుంది. అగ్గిపెట్టె వెతుక్కుని వచ్చి, మూత ఎత్తి, పుల్ల గీసింది. కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. కనుబొమ్మలు, ముందు జుట్టు పోయాయి. అదృష్టం, కళ్లకేమీ కాలేదు.

"లీకేమో అని భయపడి చచ్చాను. లీకు కాదు. కార్డు మనల్ని కాపాడింది. పద, ఓసారి పలకరించి వద్దాం" అన్నాడు షాపాయన. చెడ్డవాడేం కాదు. దారిలో ఆగి తనే ఏరి మరీ పళ్లు కొన్నాడు.

ల్యాబమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కనుబొమ్మలు లేని ముఖం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుంది. వాళ్లాయన, సన్నగా, కంగారుగా ఉండే మనిషి, కుర్చీలు లాగి వేశాడు.

"మూత సంగతి నాకెవరూ చెప్పలేదండీ. చెప్పుంటే నేనలా చేస్తానా?" అంది ఆవిడ. కోపంగా అనలేదు, లెక్క తేలని మనిషిలా అంది.

షాపాయన గొంతు సవరించుకుని జేబులోంచి కార్డు నకలు తీశాడు. "తప్పుపట్టడానికి కాదమ్మా. నాలుగో గడి ఒక్కసారి చూడండి."

ఆవిడ ఎడంచేత్తో కార్డు అందుకుంది. వెలిగించి, ఆర్పి చూపించాం. టిక్కు. సంతకం. పక్కన ఇంకో సంతకం. రెండుసార్లు చదివి, తలెత్తి బుడగలాయన వైపు చూసింది.

"చూపించారా మీరు?"

నిలదీసినట్టు అడిగితే బాగుండేది. తిట్టినా పడేవాడు. కాని ఆవిడ నిజంగానే అడిగింది, తెలుసుకుందామని అడిగింది. బుడగలాయన పళ్లసంచి వైపు చూశాడు. షాపాయన ఆయన వైపు చూశాడు. గుమ్మం బయట చెప్పులు విప్పుకుంటున్న బావమరిది అలాగే ఒంగి ఉండిపోయాడు. బుడగలాయన తల ఊపాడు. అవునని నోటితో అనలేదు, తల మాత్రం ఊపాడు.

"అలాగా" అంది ల్యాబమ్మ. మళ్లీ కార్డు వైపు చూసింది. "అలాగా. మరి నాకెందుకు గుర్తు లేదు?"

వాళ్లాయన ముఖంలో ఏదో మారింది. అప్పటిదాకా భార్య చేతిని చూస్తున్న మనిషి, ఇప్పుడు ఆవిడ నుదుటిని చూడటం మొదలుపెట్టాడు.

తిరిగొస్తుంటే వ్యానులో షాపాయన ఈలపాట పాడాడు. బుడగలాయన ఇంటికెళ్లి అన్నం కెలికి లేచిపోయాడు. భార్య అడిగితే ఒంట్లో బాగాలేదన్నాడు. మంగళవారం రెండు గ్రిల్లులు, బుధవారం నాలుగు. గోడౌనులో టీ తాగుతూ కార్డులకి టిక్కులు పెట్టడానికి కూర్చుంటే నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగింది. మూడు పెట్టి వదిలేశాడు. బావమరిది చూసి, తన పెన్నుతో నాలుగోది తనే పెట్టేశాడు.

గురువారం సాయంత్రం ల్యాబమ్మ వాళ్లాయన షాపుకి ఫోను చేశాడు, ఆ గ్రిల్లు తీసుకుపొమ్మని. బుడగలాయన ఒక్కడే లోపలికెళ్లాడు.

సిలిండరు మీట కట్టి, మర విప్పి, టోపీ పెడుతుంటే ఆ పెద్దమనిషి వెనకే నిలబడ్డాడు. కదిలినప్పుడల్లా చొక్కాజేబులో ఏదో గలగలమంటోంది. బుడగలాయన చూపు జేబు మీద పడటం గమనించి, సిగ్గుపడుతూ బయటికి తీసి చూపించాడు. వంటింట్లో స్టవ్వు నాబులు, నాలుగూ.

"నేను బజారుకెళ్తే పీకి జేబులో వేసుకుని వెళ్తున్నాను. ఏం చెయ్యమంటారు బాబూ? చూపించిన మర్నాడే మర్చిపోయిందంటే ఇంకేమైనా మిగిలిందా? ఆ కార్డు లేకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు. ఆలోచిస్తే ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. పోయినేడాది గొడుగు బస్సులో వదిలేసి వచ్చింది. మొన్నటికి మొన్న మా తమ్ముడి పుట్టినరోజు మర్చిపోయింది."

"గొడుగులు నేనూ మర్చిపోతానండీ" అన్నాడు బుడగలాయన.

"మీది వేరు" అన్నాడు ఆయన. నాబుల్ని మళ్లీ జేబులో వేసుకున్నాడు. "వాళ్ల హెడ్‌మేడమ్ ల్యాబు తాళాలు తీసేసుకుంది. పిల్లల ప్రాణాల సంగతి కదా, ఆవిణ్ణీ అనలేం. శనివారం ఒకసారి మాట్లాడి తేలుస్తానందట. ల్యాబు లేకపోతే మా ఆవిడ బతకదు బాబూ. ముప్పై సీసాలున్న బీరువాలో ఏ సీసా ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేది. అలాంటి మనిషి!"

పెరట్లోంచి లోపలికి వస్తే, వంటింట్లో భోజనాల బల్ల దగ్గర ల్యాబమ్మ కూర్చుని ఉంది. ముందు గ్రిల్లుతో వచ్చిన వాడకం పుస్తకం, పక్కన రూళ్ల నోటుబుక్కు. ఎడంచేత్తో, ఒకటో తరగతి పిల్లలా అక్షరం అక్షరం రాస్తోంది. బుడగలాయన్ని చూడగానే ముఖం వికసించింది.

"రండి, మంచి సమయానికి వచ్చారు. ఆ రోజు మీరు మూత తెరిచినప్పుడు నేను ఎటువైపు నిలబడ్డాను? కుడివైపేనా?"

బుడగలాయన ఒక అడుగు ముందుకి వేశాడు. "అమ్మా, ఆ రోజు అసలు..."

"వద్దు బాబూ!" వాళ్లాయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "మళ్లీ ఆ రోజు సంగతి తియ్యకండి. రాత్రంతా అదే ధ్యాస. పొద్దున డాక్టరు కూడా చెప్పాడు, ఒత్తిడి పెట్టొద్దని."

"ఆయన్ని చెప్పనివ్వండి. ఒక్క ముక్క అందితే చాలు, మిగతాది నేనే పట్టుకుంటాను" అంది ఆవిడ.

చెప్పాల్సిన మాట బుడగలాయన నాలిక మీదే ఉంది. బయట వ్యానులో బావమరిది ఉన్నాడు. ఇంట్లో భార్య ఉంది, ఆవిడకి ఒక్కడే తమ్ముడు. "కుడివైపేనమ్మా" అని వచ్చేశాడు. అబద్ధం ఆడటానికి నోరెత్తాల్సి రావడం అదే మొదలు. సోమవారం తల ఊపడంతో సరిపోయింది.

ఆ రాత్రి భార్యకి అంతా చెప్పేశాడు. ఆవిడ చాలాసేపు గిన్నెలు తోముతూనే ఉంది.

"ఇప్పుడు చెప్తే ఆవిడ చెయ్యి బాగవుతుందా?" అంది చివరికి.

"చెయ్యి సంగతి కాదే. తనకి మతి పోయిందనుకుంటోంది ఆవిడ. పోలేదని తెలిసినవాణ్ణి లోకం మొత్తానికి నేనొక్కణ్ణి."

"మావాడు కూడా తెలిసినవాడేగా."

"వాడు వ్యానులో ఉన్నాడు."

ఆవిడ తడిచేతులు తుడుచుకోకుండానే వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది.

శుక్రవారం స్కూలు నుంచి షాపుకి కబురొచ్చింది. ల్యాబు గ్యాసు పైపులు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిదని హెడ్‌మేడమ్ అనుకుందట. తెలిసిన మనిషి కదా, ఆ బిగించినాయన్నే శనివారం పదింటికి పంపమందట. షాపాయన సంతోషంగా ఒప్పుకున్నాడు. "మంచి పేరొస్తుంది, వెళ్లు" అన్నాడు.

శనివారం వ్యానులో సగం దూరం వెళ్లాక, "ఇవాళ చెప్పేస్తాన్రా" అన్నాడు బుడగలాయన.

బావమరిది వ్యాను పక్కకి తీసి ఆపాడు. ఇంజను కట్టేశాడు.

"నా సంతకం కూడా ఉంది బావా."

"నీకేం తెలియదని చెప్తాను. వ్యానులో ఉన్నావని చెప్తాను."

"వ్యానులో ఉన్నవాడు లోపల జరిగినదానికి సంతకం ఎలా పెట్టాడంటారు? అన్ని కార్డులూ బయటికి తీస్తారు. ఇద్దర్నీ పంపేస్తారు. మనల్ని ఇంకెవడు పెట్టుకుంటాడు, గ్యాసు దగ్గర దొంగ టిక్కులు పెట్టినవాళ్లని?"

"నిజమేరా."

"నిజమే అని తెలిసీ చెప్తావా?"

బుడగలాయన సంచి ఒళ్లోకి లాక్కున్నాడు. కాసేపటికి బావమరిది తనే ఇంజను తిప్పాడు. స్కూలు గేటు దగ్గర దిగేటప్పుడు, "సీసా మర్చిపోయావు" అని సబ్బునీళ్ల సీసా కిటికీలోంచి అందించాడు.

ల్యాబు పొడుగ్గా, ఎత్తుకిటికీలతో ఉంది. సెలవు కాబట్టి పిల్లలు లేరు. ఐదు బల్లలు, బల్లకి ఆరు కుళాయిలు. బుడగలాయన మొదటి బల్ల నుంచి మొదలుపెట్టాడు. ప్రతి గొట్టం మీదా కాగితం ముక్క అంటించి, మార్చిన తేదీ రాసి ఉంది. గుండ్రటి చేతిరాత. గొట్టం చివర్లు పగలకుండా వారవారం కత్తిరించిన గుర్తులున్నాయి. ఎక్కడా తుప్పు లేదు. ముప్పై జాయింట్లకీ నురగ పూశాడు, ముప్పైసార్లు అరవై లెక్కపెట్టాడు. ఇంత శుభ్రంగా ఉన్న గ్యాసు లైను ఆయన తన జన్మలో చూడలేదు. చివరి బల్ల దగ్గరికి వచ్చేసరికి కళ్లు మసకబారాయి. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకున్నాడు.

పనయ్యేసరికి హెడ్‌మేడమ్ వచ్చింది. వెనకే ల్యాబమ్మ, వాళ్లాయన. ల్యాబమ్మ కనుబొమ్మలు పెన్సిలుతో దిద్దుకుంది. ఒకటి కాస్త పైకి పోయింది. ఎడంచెయ్యి కదా.

"ఒక్క బుడగ లేదమ్మా. ముప్పైలో ఒక్కటి కూడా లేదు. ఇలాంటి పని నేను ఎక్కడా చూడలేదు" అన్నాడు బుడగలాయన. కావాలనే గట్టిగా అన్నాడు.

"నాకు తెలుసు. నా భయం పైపుల గురించి కాదు" అంది హెడ్‌మేడమ్. కఠినమైన మనిషిలా లేదు. రాత్రి నిద్రపట్టని మనిషిలా ఉంది. ల్యాబమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుంది. ల్యాబు తాళాలు బల్ల మీద పెట్టి, ఒక కాగితం, పెన్ను తీసింది. "అక్కా, నాకూ ఇష్టం లేదు. కానీ రేపు ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పాలి. ఆ శనివారం ఈయన ఏమేం చూపించారో నీకు గుర్తున్నంతవరకు చెప్పు. తొందరేం లేదు."

చెప్పేయాల్సిన క్షణం అదే. బుడగలాయన సీసా బల్ల మీద పెట్టి, నోరు తెరిచాడు. కాని ల్యాబమ్మ అప్పటికే లేచి నిలబడింది, పాఠం అప్పజెప్పే పిల్లలా.

"ముందు మూత పూర్తిగా తెరిచారు. మూత తెరవకుండా మీట ముట్టుకోకూడదన్నారు. సిలిండరు మెల్లగా తిప్పారు. తర్వాత ఒకే ఒక్క నాబు తిప్పి, బటను నొక్కారు." ఎడంచెయ్యి గాల్లో తిరిగింది, నొక్కింది. "వెలగలేదు. అప్పుడు పుల్ల గీశారు. మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. వెంటనే అన్నీ కట్టేశారు. కట్టేసి ఐదు నిమిషాలు ఆగాలమ్మా, లోపలున్న గ్యాసు పోవాలి అన్నారు. ఆగాం. ఊరికే నిలబడ్డారని నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను. స్టీలు గ్లాసులో. ఎత్తి పోసుకుని తాగారు. తర్వాత రెండో పుల్ల గీశారు. నీలంగా వెలిగింది. ఆర్పేటప్పుడు సిలిండరు ముందు, నాబు తర్వాత."

ఆగి, ఊపిరి తీసుకుని, నవ్వింది. ఎన్ని రోజులకో నవ్వింది. "బుధవారం దాకా ఏమీ లేదు మేడమ్. గురువారం నుంచి ఒక్కొక్కటే వచ్చింది. మంచినీళ్ల సంగతి నిన్ననే గుర్తొచ్చింది."

వాళ్లాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఇంట్లో బుడగలాయన మంచినీళ్లు తాగలేదు. పుల్ల గీయలేదు. ఒక్క క్షణం, తాగానేమో అని కూడా అనిపించింది. ఆవిడ అంత స్పష్టంగా చెప్పింది.

"సరిపోయిందా అండీ?" అని హెడ్‌మేడమ్ ఆయన్ని అడిగింది.

కాదంటే ఏమవుతుంది? ఆ పుల్లలూ, ఆ గ్లాసూ ఆవిడ తలలో పుట్టినవని అందరికీ తెలిసిపోతుంది. సోమవారం చెప్పాల్సిన నిజం అది. సోమవారం చెప్పుంటే మందులా పనిచేసేది. ఇప్పుడు చెప్తే ఆవిణ్ణే కాలుస్తుంది. ఔనంటే ఆవిడ గట్టెక్కుతుంది. తాళాలు తిరిగొస్తాయి. వారం రోజుల్లో మొదటిసారి అబద్ధానికి ఒక మంచి కారణం దొరికింది ఆయనకి.

"సరిపోయిందమ్మా. అక్షరం పొల్లుపోలేదు" అన్నాడు.

హెడ్‌మేడమ్ తల దించుకుని కాగితం మీద రాసుకుంది. రాసి, పెన్ను మూత పెట్టింది.

"ఇంత బాగా గుర్తుంది. మూత తెరవకుండా మీట ముట్టుకోకూడదని ఆయన చెప్పింది కూడా గుర్తుంది. అయినా మర్నాడే మూత వేసి గ్యాసు వదిలి లోపలికెళ్లావు" అంది. "మర్చిపోయావంటే వైద్యం చేయించుకో, చూద్దాం అనేదాన్ని. తెలిసీ చేసిన మనిషికి ఆ పిల్లల్ని ఎలా అప్పగించనక్కా? రిటైరయ్యేదాకా లైబ్రరీలో ఉండు. అంతకన్నా నా చేతుల్లో లేదు."

ల్యాబమ్మ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. తీసేయాలని తెలియలేదు.

"నేను చూపించలేదమ్మా!"

తన గొంతే అని బుడగలాయనకి తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఇక ఆగలేదు. కార్డులు పొద్దున్నే నింపేయడం, తడిచేతులు, టీ, హారను, ఆవిడ ఫక్కున నవ్వడం, తను నిజమేలెండి అనడం, సోమవారం తల ఊపడం, గురువారం కుడివైపు అనడం, అన్నీ కక్కేశాడు. బావమరిది వ్యానులోనే ఉన్నాడని రెండుసార్లు చెప్పాడు. "ఆవిడ ఏదీ మర్చిపోలేదమ్మా. మర్చిపోవడానికి అక్కడేం జరగలేదు. తప్పంతా నాది. నన్ను ఏం చేసినా సరే, ఆవిడ తాళాలు ఆవిడకి ఇచ్చేయండి" అని చేతులు జోడించాడు.

హెడ్‌మేడమ్ ఆయన్ని నమ్మింది. నమ్మిందని ముఖంలో కనపడింది. కాని ఆవిడ తాళాల వైపు చూడలేదు. వాళ్లాయన కూడా బుడగలాయన మీద పడి కొట్టలేదు, కనీసం తిట్టలేదు. ఇద్దరూ మెల్లగా తిరిగి ల్యాబమ్మ వైపు చూశారు.

ల్యాబమ్మ ఎవరినీ చూడటం లేదు. దిద్దుకున్న కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. ఎడంచెయ్యి ఇంకా గాల్లోనే, పుల్ల పట్టుకున్నట్టు ఉంది.

"పుల్ల గీయలేదా మీరు?" అంది.

"లేదమ్మా."

"నీలంగా వెలిగింది కదా. నేను చూశాను."

"లేదమ్మా."

వాళ్లాయన వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "పద, ఇంటికెళ్దాం" అన్నాడు, చిన్నపిల్లతో మాట్లాడినట్టు. ఆవిడ కదల్లేదు. బుడగలాయన వైపు తిరిగింది. సోమవారం అడిగినట్టే, కోపం లేకుండా, నిజంగా తెలుసుకుందామని అడిగింది.

"మరి నేను మంచినీళ్లిచ్చింది ఎవరికి?"

హెడ్‌మేడమ్ పెన్ను మూత తీసింది.